నాట్ల బొమ్మ గురించి

చి. అమ్మలుకి,

నువ్వు ఫోన్లో పంపిన నాట్ల బొమ్మ చూశాను. గీతలో పట్టు వచ్చింది, సంతోషం. కానీ ఆ ఆడవాళ్ళు నాట్లు వెయ్యడం లేదే తల్లీ, ఫొటో దిగుతున్నారు! బురదలో వంగిన మనిషి తలెత్తి ఎవరిని చూసి నవ్వుతుంది? జడలో పూలు నలగలేదు, చీర మోకాళ్ళ పైకి దోపుకోలేదు.

మీ కాలేజీ లైబ్రరీలో ఝాఁ ఫ్రాన్స్వా మిలే బొమ్మల పుస్తకం ఉంటే తీసి చూడు. 1814లో ఫ్రాన్స్‌లోని నార్మండీలో ఒక రైతింట పుట్టాడు, కుర్రతనంలో పొలం పనులు చేశాడు. 1849లో పారిస్ వదిలి బార్బిజాన్ అనే పల్లె చేరి, చివరిదాకా అక్కడే ఉండిపోయాడు. రంగుల బొమ్మలు తర్వాత చూద్దువుగాని. ముందు నల్ల కాంటే క్రేయానుతో వేసినవి చూడు. కుట్టుపని చేసే ఆడవాళ్ళు, అల్లుకుంటూ గొర్రెలు కాసే పిల్లలు, వెన్న తీసే ఇల్లాలు. ఆ వెన్న తీసే బొమ్మను ఎచింగ్ అచ్చుగానూ వేశాడు. అక్కడి కవ్వం మనలా తాడుతో తిరిగేది కాదు, పొడుగాటి చెక్క పీపాలో రోకలిలా పైకీ కిందకీ ఆడుతుంది. ఆవిడ రెండు చేతులా దాన్ని పట్టుకుని నిలబడి ఉంటే, పిల్లి వచ్చి కుచ్చిళ్ళకి ఒళ్ళు రాసుకుంటుంది. ఆవిడ దాన్ని చూడదు. నాకు ఆ చూడకపోవడమే ఇష్టం.

ఇక 1857 నాటి పరిగె ఏరుకునే ముగ్గురాడవాళ్ళ బొమ్మ. దానికి ముందు ఎన్ని చిత్తు బొమ్మలు గీశాడో! ఇద్దరు నేలకి వంగారు, మూడో ఆవిడ సగం వంగి ఉంది. ఎడమ పక్క ఆవిడని చూడు: ఒక చెయ్యి వెన్నుల కోసం నేల మీదికి, రెండోది నడుం వెనక్కి. నడుం నొప్పి రాయాలంటే నాకు పేజీ పడుతుంది, అతనికి ఆ చెయ్యి చాలింది. దూరంగా కుప్పలు, బండి, గుర్రం మీద పెత్తందారు. 1848 విప్లవం ఇంకా మరువని పారిస్ పెద్దలకి ఈ బొమ్మ రుచించలేదు. ఏరుకునే ఆడవాళ్ళని చూసి జడుసుకున్నారంటే వాళ్ళ భయం ఎలాంటిదో!

మిలే మొహాలు మరీ చీకట్లో ఉంచుతాడని నాకొక ఫిర్యాదు ఉంది. దోమియే అనే మరో ఫ్రెంచి చిత్రకారుడు వేసిన చాకలావిడకీ మొహం సరిగ్గా కనబడదు. అయినా సేన్ నది మెట్లెక్కుతూ, చంకలో బట్టల మూట, రెండో చేత్తో బిడ్డని పట్టుకుని, ఆ చిన్న కాళ్ళ కోసం ఒళ్ళంతా పక్కకి వంచిన తీరులో ఆవిడెవరో మనకి తెలిసిపోతుంది. ఇద్దరిలో నా ఓటు దోమియేకే.

నువ్వు మాత్రం కొన్నాళ్ళు మొహాల జోలికి పోకు. నారు కట్ట ఏ చేతిలో ఉంది, బరువు ఏ కాలి మీద పడింది, వెనక్కి అడుగు వేసేటప్పుడు మడమ బురదలోంచి ఎలా లేస్తుంది, అది పట్టుకో. గీసింది వాళ్ళకే చూపించు. నారు పట్టిన తీరు తప్పయితే మీ మాస్టార్లకంటే ముందు వాళ్ళే చెబుతారు, మొహమాటం లేకుండా.

సంక్రాంతికి వస్తావుగా, అప్పటికి దాళ్వా నాట్లు పడుతుంటాయి. కూలీలు తెల్లారేసరికే చేలో దిగుతారు. ఎనిమిదింటికి లేచే అలవాటు ఈలోగా మానుకో.

ఇట్లు,
తాతయ్య