చలికాలంలో కళ్లు జాగ్రత్త: కంట్లో నలుసు పడితే ఏం చేయాలి?

వార్డులో మీవారి మంచం పక్కన కూర్చున్నప్పుడు ఈ నాలుగు మాటలు చదవండి. చలికాలం అనగానే మనకు జలుబు, దగ్గు, ఆయాసం, పాదాల పగుళ్లు గుర్తుకొస్తాయి. కళ్ల సంగతి గుర్తుకు రాదు. కానీ కోతలు మొదలైన దగ్గర నుండి సంక్రాంతి వరకు ఎర్రబడిన కళ్లతో ఆసుపత్రికి వచ్చేవారిని మేము ఏటా చూస్తూనే ఉంటాం.

చలికాలంలో కంటికి ఏమవుతుంది?

మన కంటిపై ఎప్పుడూ పల్చని కన్నీటి పొర ఉంటుంది. రెప్ప వేసినప్పుడల్లా అది కంటి మీద పరుచుకుని, కంటిని తడిగా ఉంచి, దుమ్మును కడిగేస్తుంది. చలికాలపు పొడి గాలికి ఈ తడి త్వరగా ఆరిపోతుంది. అప్పుడు కళ్లు మండుతాయి, ఇసుక పడినట్లు గరగరలాడతాయి, ఒక్కోసారి నీళ్లు కూడా కారతాయి.

దీనికి ఇంట్లోనే తీసుకోదగిన జాగ్రత్తలు:

• కట్టెల పొయ్యి వాడేవారు చలి అని తలుపులన్నీ మూయవద్దు. పొగ బయటకు పోయే దారి ఉంచండి.
• చలిమంటలో, భోగిమంటలో టైర్లు, ప్లాస్టిక్ వేయవద్దు. పిల్లలను పొగకు ఎదురుగా కూర్చోబెట్టవద్దు.
• టీవీ, సెల్‌ఫోన్ చూసేటప్పుడు మధ్యమధ్య కళ్లు మూసి తెరవండి.
• తెల్లవారుజామున బండిపై వెళ్లేవారు కళ్లద్దాలు పెట్టుకోండి.

ఈ మంట, గరగర చూపును తీసేసేవి కావు. చూపు తీసే ప్రమాదం వేరే ఉంది.

అసలు ప్రమాదం పొలంలో, కళ్లంలో

ఒక సంవత్సరం డిసెంబరులో ఒక రైతును ఆయన భార్య చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. వరి కోస్తుండగా ఆకు కంటికి గీసుకుంది. మొదటి రోజు తల్లిపాలు పోశారు. తరువాత ఆకు పసరు. అప్పటికీ తగ్గకపోతే, పక్కింటివారు ఎప్పుడో వాడి మిగిల్చిన చుక్కల మందు వేశారు. రెండు రోజులు ఎరుపు తగ్గినట్లే అనిపించింది. పదో రోజున మా దగ్గరకు వచ్చేసరికి నల్లగుడ్డు మీద తెల్లటి పుండు. నెలన్నర వైద్యంతో కన్ను నిలిచింది గాని, మచ్చ పోలేదు. ఆ కంటితో ఇప్పుడు ఆయనకు వెలుతురు మాత్రమే తెలుస్తుంది. “మొదటి రోజే వస్తే కోత ఆగిపోతుందనుకున్నామమ్మా” అని ఆమె ఏడ్చింది.

ఎందుకిలా జరిగింది? నల్లగుడ్డుపై ఉండే పారదర్శకమైన పొర అద్దం వంటిది. వరి ఆకు, కంకి, ఊక గీసుకున్నప్పుడు దానిపై కంటికి కనబడనంత చిన్న గాయం అవుతుంది. ఆకు మీద, మట్టిలో ఉండే ఫంగస్ (బూజు) ఆ గాయంలోకి చేరుతుంది. ఆ పొరలో రక్తనాళాలు ఉండవు గనుక పుండు నెమ్మదిగా మానుతుంది. మానాక మచ్చ మిగిలితే దానినే మనం ‘పువ్వు వేసింది’ అంటాం. షుగరు ఉన్నవారికి ఇంకా ఆలస్యంగా మానుతుంది.

చుక్కల మందులన్నీ ఒకటి కావు. కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది ఎరుపును, నొప్పిని తగ్గిస్తుంది కాని, లోపల ఫంగస్‌ను పెరగనిస్తుంది. తగ్గిందనుకుని మనం ఊరుకున్నప్పుడే పుండు లోతుకు దిగుతుంది.

నలుసు పడినా, ఆకు గీసుకున్నా

1. కన్ను నలపవద్దు.
2. చేతులు కడుక్కుని, శుభ్రమైన తాగునీటితో కన్ను కడగండి.
3. నలుసు గుచ్చుకుని ఉంటే తీయడానికి ప్రయత్నించవద్దు. నాలుకతో గాని, గుడ్డ కొసతో గాని, పుల్లతో గాని తీయించుకోవద్దు.
4. తల్లిపాలు, ఆముదం, పసరు, ఉల్లిరసం ఏదీ వేయవద్దు.
5. కంటికి కట్టు బిగించవద్దు.
6. ఆకు గీసుకున్నా, కడిగాక నొప్పి ఉన్నా అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి. అప్పటికే ఏదైనా మందు వేసి ఉంటే ఆ సీసా వెంట తీసుకురండి. మిమ్మల్ని ఎవరూ తిట్టరు. ఏ మందు వేశారో తెలిస్తే వైద్యం తేలికవుతుంది.

సంక్రాంతి సున్నాలు

పండుగకు సున్నం వేసేటప్పుడు పిల్లలను దూరంగా ఉంచండి. కంట్లో సున్నం పడితే ముందు ఆసుపత్రికి పరుగెత్తవద్దు. ముందు నీళ్లు! రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం 20 నిమిషాలు ధారగా పోయండి. ఆ తరువాత ఆలస్యం చేయకుండా రండి.

ఈ గుర్తులుంటే ఆగవద్దు

ఎరుపుతో పాటు నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, నల్లగుడ్డుపై తెల్లని చుక్క. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజే రావాలి.

మీరు ఇక్కడ రోగి దగ్గర ఉన్నా, మీ ఇంట్లో ఎవరో ఒకరు కోతలకు, నూర్పిళ్లకు వెళ్తూనే ఉంటారు. ఈ రాత్రి ఇంటికి ఫోను చేసినప్పుడు ఒక్క మాట చెప్పండి: “కంట్లో ఏదైనా పడితే నీళ్లతో కడుక్కో, ఇంకేమీ వేసుకోకు, ఆ రోజే చూపించుకో.”