ఒకే వెబ్ పేజీ, అన్ని స్క్రీన్లు: ఫోన్ రెజల్యూషన్ చూసి డిజైన్ చేయకండి

ఫోన్ రివ్యూల్లో 720×1600, 1080×2400 అని రెజల్యూషన్ చూస్తూనే ఉంటాం. కానీ వెబ్ పేజీ తయారుచేసేవాళ్లకి ఆ నంబర్లు నేరుగా పనికిరావు. ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం.

నందిగామ, జగ్గయ్యపేట వైపు మిర్చి రైతుల కోసం ధరల పేజీ చేస్తున్నాం అనుకోండి. సరుకు గుంటూరు యార్డుకి పంపాలా, కొన్నాళ్లు ఆగాలా అని రైతు ఫోన్‌లోనే చూసుకుంటాడు. టేబుల్‌లో చివరి కాలమ్ స్క్రీన్ బయటికి పోయిందంటే, పోయేది ధరే!

1. అసలు వెడల్పు ఎంత?

బ్రౌజర్ లెక్కపెట్టేది సీఎస్ఎస్ పిక్సెల్స్‌ని. 720 వెడల్పు ఫోన్‌లో డివైస్ పిక్సెల్ రేషియో 2 అయితే పేజీకి దొరికేది 360. 1080 ఫోన్‌లో రేషియో 3 అయితే అక్కడా 360 మాత్రమే. 2010లో వచ్చిన ఐఫోన్ 4 స్క్రీన్ వెడల్పు 320 నుంచి 640కి పెరిగినా, పేజీలకి మాత్రం 320గానే కనిపించింది. కొన్ని ఫోన్లలో ఇది 393, 412 కూడా ఉంటుంది. అందుకే నేను 360తో మొదలుపెట్టి, 320లో కూడా చెక్ చేస్తాను.

2. వ్యూపోర్ట్ ట్యాగ్

ఇది లేకపోతే మొబైల్ బ్రౌజర్ పేజీని దాదాపు 980 పిక్సెల్స్ వెడల్పులో వేసి, కుదించి చూపిస్తుంది. అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. హెడ్‌లో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ పెట్టి, విడ్త్‌ని డివైస్ విడ్త్‌కి సమానం చేయండి.

3. సాగే లేఅవుట్

ఈథన్ మార్కాట్ 2010 మేలో ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ అని పేరుపెట్టి చెప్పినవి మూడే: సాగే గ్రిడ్, సాగే ఇమేజ్‌లు, మీడియా క్వెరీలు. ముందు ఫోన్ కోసం ఒకే కాలమ్ రాయండి. మన ధరల పేజీలో టేబుల్ బదులు ఒక్కో రకానికి ఒక్కో కార్డు పెట్టండి. పైన ‘తేజ’ అని రకం పేరు, కింద పెద్దగా ధర, పక్కనే ‘క్వింటాలుకు’ అని ఉండాలి. తర్వాత బ్రౌజర్ విండోని మెల్లగా వెడల్పు చేయండి. కార్డులు మరీ సాగిపోయినట్టు ఎక్కడ అనిపిస్తే, అక్కడ మీడియా క్వెరీ పెట్టి టేబుల్‌గా మార్చండి. ఇమేజ్‌లకి మ్యాక్స్ విడ్త్ 100 శాతం ఇస్తే బయటికి పోవు.

4. తెలుగు టెస్ట్

ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో ఇది పెద్దగా కనిపించదు. బటన్‌కి ఫిక్స్‌డ్ హైట్ పెట్టి, ఓవర్‌ఫ్లో హిడెన్ చేస్తే ‘నందిగామ’ బాగానే కనిపించవచ్చు, అందులో ఒత్తులు లేవు కాబట్టి. అదే బటన్‌లో ‘జగ్గయ్యపేట’ పెడితే కింద ఒత్తులు తెగిపోయే ప్రమాదం ఉంది. అందుకే నేను ప్రతి బటన్‌లో ఈ ఊరి పేరు టైప్ చేసి చూస్తాను. హైట్ బదులు మిన్ హైట్ వాడండి, లైన్ హైట్ 1.6 దగ్గర మొదలుపెట్టండి.

5. చివరి చెకింగ్

క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, డివైస్ మోడ్‌లో 320, 360, 412, 768 వెడల్పులు చూడండి. తర్వాత నిజమైన ఫోన్‌లో ఫాంట్ సైజ్ పెద్దది చేసి మళ్లీ తెరవండి. కళ్లజోడు పక్కన పెట్టిన పెద్దాయన చూసే పేజీ అదే. అక్కడ పక్కకి జరపకుండా ధర కనిపిస్తే మీ డిజైన్ పాసైనట్టే.