వార్త – వాస్తవం – సాంకేతిక సాధనాలు

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలోని కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలాయి. విద్యుత్తు, టెలిఫోను సౌకర్యాలు స్తంభించాయి. ఇటువంటి సమయంలో సహాయం ఏ ఊరికి ముందుగా చేరాలో నిర్ణయించడానికి వార్తయే ఆధారమవుతుంది. అబద్ధపు ఫొటో ఆ సహాయాన్ని దారి మళ్లించగలదు. నిజమైన ఫొటోను అబద్ధమని కొట్టివేస్తే ఒక ఊరు ఆకలితో మిగిలిపోగలదు.

అందువల్లనే విలేకరులు సాంకేతిక సాధనాలను ఆశ్రయిస్తున్నారు. ఫొటోనే ఆధారంగా చేసుకొని వెదికే సౌకర్యాన్ని గూగుల్ సంస్థ 2011లో ప్రవేశపెట్టింది. 2014 నాటి హుద్‌హుద్ తుపాను ఫొటోను ఎవరైనా కొత్తదిగా ప్రచారం చేస్తే, దాని పాత ప్రతిని ఈ సాధనం చూపగలదు. కాని ఆ ఉదయమే వజ్రపుకొత్తూరులో తీసిన ఫొటోకు పాత ప్రతి ఉండదు. పాత ప్రతి దొరకనంత మాత్రాన ఫొటో నిజమని చెప్పలేము.

ఫొటోలో దాగి ఉండే తేదీ, స్థలం వివరాలు మరొక ఆధారం. అయితే వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపినప్పుడు ఆ వివరాలు తొలగిపోతాయి. సెంటినెల్–2 ఉపగ్రహ చిత్రంలో ఒక్కొక్క బిందువు పది మీటర్ల నేలకు సమానం. తోట కూలినది అందులో తెలియవచ్చు. ఇంటి పైకప్పు ఎగిరినది తెలియడం కష్టం. తుపాను మేఘాలు కమ్మితే నేలయే కనిపించదు.

కృత్రిమ మేధతో సృష్టించిన దృశ్యాలను, గొంతులను పసిగట్టే సాధనాలు సంభావ్యతను మాత్రమే తెలుపుతాయి, తీర్పు చెప్పవు. ఒక గొంతు నిజంగా సోంపేట ప్రాంతానిదో కాదో కళింగాంధ్ర యాస ఎరిగిన మనిషికే బాగా తెలుస్తుంది.

గిడుగు రామమూర్తి గారు చరిత్ర గ్రంథాల సహాయంతో ప్రాచీన లిపిని స్వయంగా నేర్చి, శ్రీముఖలింగం శాసనాలను చదివారు. నేటి విలేకరికీ ఆ ఓర్పు అవసరమే. ఊరివారిని అడగడం, అధికారులను సంప్రదించడం, ఇద్దరు చెప్పినదాన్ని పోల్చి చూడడం యంత్రానికి అప్పగించదగిన పనులు కావు. ఇంత చేసినా నిజం తేలనప్పుడు "ఇంకా ధ్రువపడలేదు" అని ప్రకటించడం పత్రికా ధర్మం.