గృహ ఋణము – దాసోహము

జహీరాబాదు, నారాయణఖేడు, బీదరు ప్రాంతముల నుండి ఉద్యోగార్థమై హైదరాబాదు చేరి, పటాన్‌చెరు, రామచంద్రపురము పరిసరములలో అద్దె యిండ్లలో నివసించు వీరశైవ దంపతులలో ఒక ప్రశ్న తరచుగా వినవచ్చుచున్నది. శక్తికి మించిన ఋణము చేసియైనను తెల్లాపూరు, కొల్లూరు వైపు లేచుచున్న కొత్త భవనములలో ఇల్లు కొనవచ్చునా? పెద్దలు కొందరు ఋణమే పాపమని త్రోసివేయుదురు. బంధువులు కొందరు నేడు కొననిచో ఎన్నటికిని కొనలేరని తొందరపెట్టుదురు. రెండును లెక్క చూడక చెప్పిన మాటలే.

ఇల్లు కలిగియుండుట శరణ ధర్మమునకు విరుద్ధము కాదు. బసవేశ్వరుడు కల్యాణమున బిజ్జలుని భండారిగా నుండెను. ఆయన మహామనె చిన్న గుడిసె కాదు. అచట నిత్యము దాసోహము జరుగుచుండెను. కావున ప్రశ్న ఇల్లు కావలెనా వద్దా యని కాదు. కాయకము వలన వచ్చు ధనములో ఇంటికి ఎంత, దాసోహమునకు ఎంత యనునదియే ప్రశ్న.

ఈ విషయమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల చరిత్ర చక్కగా ఉపకరించును. కన్నడమున ‘ఆయ్దు’ అనగా ఏరుట, ‘అక్కి’ అనగా బియ్యము. పండ్రెండవ శతాబ్దమున మారయ్య కల్యాణములో నేల రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుచుండగా, ఆ దంపతులు వానితోనే వండి జంగములకు అర్పించి, తాము ప్రసాదముగా స్వీకరించెడివారు. ఒకనాడు మారయ్య నిత్యము కంటె అధికముగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని వంటకు తీసికొనలేదు. ఇది ఆశ వలన వచ్చినదని చెప్పి, అధికమైన దానిని ఎచట నుండి తెచ్చెనో అచటనే పోసి రమ్మనెను. మారయ్య దొంగిలించి తెచ్చినది కాదది, ఎవరును వలదనలేదు. దొరకినది గనుక తెచ్చెను. లక్కమ్మ మాత్రము దొరకినంత వేరు, కావలసినంత వేరు అని తేల్చెను. ఆ లెక్క చూచినది ఇల్లాలని గూడ గమనింపదగును.

నేడు బ్యాంకువారు జీతపు చీటీ చూచి “మీకు ఇంత ఋణము వచ్చును” అని చెప్పుదురు. అది దొరకునంత. కావలసినంత ఎంతయో బ్యాంకు ఎరుగదు.

ఒక కుటుంబమును ఊహింతము. భార్యాభర్తల జీతములు కలిసి నెలకు 1,30,000 రూపాయలు, అద్దె 20,000. చూచిన ఇల్లు కోటి రూపాయలు; అందులో 75 లక్షలు ఋణము. మిగిలిన 25 లక్షలతో పని తీరదు. తెలంగాణలో 2021లో పెంచిన ప్రకారము రిజిస్ట్రేషను వ్యయములు 7.5 శాతము. నిర్మాణములో నున్న ఇంటికి 5 శాతము జీఎస్టీ అదనము. పూర్తియైన ధ్రువపత్రము పొందిన ఇంటికి అది లేదు. అనగా చేతి నుండి 37 లక్షలకు పైగా వెళ్లును. తలుపులు, అలమరలు, పంకాలు ఇంకను లెక్కలోనికి రాలేదు.

ఇక వాయిదా. 8.5 శాతము వడ్డీకి, 20 సంవత్సరముల గడువునకు నెలకు సుమారు 65,087 రూపాయలు. ఇది సరిగా ఆదాయములో సగము. మొదటి నెలలో ఇందు 53,125 రూపాయలు వడ్డీకే పోవును, అసలునకు చేరునది 12,000 లోపే. ఐదు సంవత్సరములు తప్పక కట్టిన పిమ్మట, 39 లక్షలు చెల్లించియు, ఇంకను 66 లక్షల బాకీ యుండును. ఐదేండ్లలో అమ్మి బయటపడుదుమనువారు ముందుగా చూడవలసిన అంకె ఇదియే.

పైగా వడ్డీ స్థిరము కాదు. 2019 అక్టోబరు నుండి బ్యాంకులు కొత్తగా ఇచ్చు చరవడ్డీ గృహ ఋణములు రెపో రేటు వంటి బాహ్య ప్రమాణమునకు ముడిపడియున్నవి. 2022 మే నుండి 2023 ఫిబ్రవరి లోపల రెపో రేటు 4 నుండి 6.5 శాతమునకు పెరిగెను. పై ఋణమునకే ఆరంభము నుండి 9.5 శాతము వడ్డీ యున్నచో, వాయిదా మార్చకుండ ఉంచిన గడువు 25 సంవత్సరములు దాటును. నలుబదవ ఏట కొన్నవాడు ఉద్యోగ విరమణ తరువాత గూడ కట్టవలసివచ్చును.

సగము జీతము వాయిదాకు పోయిన గృహమున మొదట తగ్గునది ఏది? పాఠశాల రుసుము తగ్గదు, కరెంటు బిల్లు తగ్గదు. ఊరి మఠమునకు పంపు బియ్యము, చదువుకొను బంధువుల బిడ్డకు ఇచ్చు సహాయము, ఇంటికి వచ్చిన వారికి పెట్టు అన్నము తగ్గును. వీనికి నోటీసు పంపువారు లేరు గదా! విశాలమైన భోజనశాల కొని అందులో కూర్చుండబెట్టుటకు ఒక్కరిని పిలువలేని స్థితి యేర్పడును. ఇష్టలింగ పూజకు ప్రత్యేకమైన గది గావలెనని విక్రేతలు చూపు పటములను చూచి మురియుటయు వింతయే. ఇష్టలింగము దేహము మీదనే యున్నది, పూజకు ఒక ఆసనమంత చోటు చాలును.

మరియొక చిక్కు కలదు. చేతి సొమ్ము కొరకు పల్లెలోని పొలమును అమ్ముమని తండ్రిని అడుగుట నేడు సాధారణమైనది. ఆ పొలము వృద్ధుల కాయకము, వారి అన్నము. అడిగిన కుమారునకు తండ్రి కాదనలేడు. కావున అడుగకముందే ఆలోచింపవలెను.

ఇట్టివారికి రెండవ దారి లేకపోలేదు. అదే ప్రాంతమున కొంత పాతదైన రెండు పడకగదుల ఇల్లు 55 లక్షలకు లభించినదనుకొందము. 40 లక్షల ఋణమునకు వాయిదా సుమారు 34,700 మాత్రమే. అద్దె కంటె 15,000 ఎక్కువ. జీఎస్టీ లేదు. చరవడ్డీ గృహ ఋణమును ముందుగా తీర్చినచో బ్యాంకులు అపరాధ రుసుము తీసికొనరాదు. గనుక జీతము పెరిగినపుడెల్ల అసలును తగ్గించుకొనవచ్చును.

పెద్ద ఇంటి మీదనే మనసు నిలిచినవారు సంతకము చేయుటకు ముందు ఆరు నెలలు పరీక్షించి చూడవలెను. అద్దె చెల్లించుచునే, వాయిదాకును అద్దెకును గల భేదము 45,000 రూపాయలను ప్రతి నెల మొదటి తారీఖున వేరు ఖాతాలో వేయవలెను. దాసోహమునకు ఇచ్చునది మాత్రము మునుపటివలెనే ఇచ్చుచుండవలెను. ఆరవ నెల చివర ఆ ఖాతాలో 2,70,000 రూపాయలు ముట్టకుండ నిలిచియున్నవా లేవా, లేనిచో ఏ నెలలో దేనికొరకు తీయవలసివచ్చినది అను సంగతిని దంపతులిద్దరును పద్దు పుస్తకము ముందుంచుకొని కలిసి చూడవలెను.