ఎక్స్‌పోర్ట్ నొక్కే ముందు: ధారావి పాటల రికార్డింగు నేర్పిన పాఠాలు

మన డిపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు అందరం ఏదో ఒకటి రికార్డు చేస్తున్నాం. జానపద సాహిత్యానికి పాటలు, మాండలికాల పేపరుకు మాటలు. ఫోన్‌లో రికార్డు చెయ్యడం, కంప్యూటర్‌లో ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో వేసుకుని ముందూ వెనకా కత్తిరించడం అందరికీ వచ్చేసింది. చివర్లో ఫైల్‌ను బయటికి తీసే ఎక్స్‌పోర్ట్ విండో దగ్గర మాత్రం చాలామందిమి ఆగం. అక్కడ ముందే ఏముంటే దానికే ఓకే కొట్టేస్తాం. ఈ వ్యాసం ఆ విండో గురించే. నేను ధారావిలో చేసిన రికార్డింగులే ఉదాహరణలు.

మా అమ్మమ్మది పాలమూరు పల్లె. పెళ్లయ్యాక తాతతోపాటు బొంబాయికి వచ్చింది. మొదట కామాఠీపురలో, తరవాత ధారావిలో ఉన్నారు. కామాఠీపుర అన్న పేరే తెలుగు ప్రాంతాల నుంచి కట్టడపు పనులకు వచ్చిన కామాఠీల వల్ల వచ్చింది. అక్కడి చాళ్లలో తెలుగు బడిలో నేర్చుకున్నది తక్కువ, పనిపాటల్లో నిలిచింది ఎక్కువ. ఇప్పుడు ధారావి పునరభివృద్ధి మాట గట్టిగా నడుస్తోంది. ఇన్నాళ్లు ఒకే గల్లీలో కూర్చుని పాడుకున్నవాళ్లు రేపు ఎక్కడెక్కడ ఉంటారో తెలియదు. అందుకే సెలవుల్లో వెళ్లి అమ్మమ్మ పాటలూ, ఆమె ఈడు ఆడవాళ్ల మాటలూ రికార్డు చేశాను.

సేవ్ వేరు, ఎక్స్‌పోర్ట్ వేరు

ఆడాసిటీలో సేవ్ ప్రాజెక్ట్ నొక్కితే మన పనంతా ఏయూపీ3 ఫైల్‌గా దాస్తుంది. కత్తిరింపులు, లేబుళ్లు అన్నీ అందులో ఉంటాయి. కానీ దాన్ని ఆడాసిటీయే తెరవగలదు, ఫోన్‌లో మోగదు. అందరూ వినగలిగే ఫైల్ కావాలంటే ఎక్స్‌పోర్ట్ ఆడియో చెయ్యాలి. తాళపత్రాల పాఠంలో మేడమ్ మూలప్రతి, నకలు అని చెప్పారు కదా, ఇక్కడా అంతే. ఎక్స్‌పోర్ట్‌లో మనం ఒక ప్రతి రాయిస్తున్నాం. లేఖకుడు అక్షరాలు వదలకుండా రాస్తాడా లేదా అన్నది మనం ఎంచుకునే సెట్టింగుల మీద ఉంటుంది.

ఫార్మాట్

మొదటి గడి ఇది. ముఖ్యంగా మూడు రకాలు గుర్తుంటే చాలు. వేవ్ ఏదీ తగ్గించకుండా దాస్తుంది. ఫ్లాక్ కూడా ఏదీ పోగొట్టదు, కానీ చీరను మడతపెట్టినట్టు తక్కువ చోటులో సర్దుతుంది, తెరిచినప్పుడు మొత్తం తిరిగి వస్తుంది. ఎంపీ3 అలా కాదు. మన చెవికి పెద్దగా తెలియవు అనుకున్న ధ్వనులను తీసేస్తుంది. తీసేసినవి మళ్లీ రావు.

లెక్క చూడండి. 40 నిమిషాల పాటలు ఒకే చానెల్‌లో, 48,000 హెర్ట్జ్, 24 బిట్ వేవ్‌గా పెడితే సుమారు 346 ఎంబీ అవుతుంది. అదే 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే 38 ఎంబీ చాలు. వాట్సాప్‌లో పంపడానికి రెండోది హాయి. దాచడానికి మొదటిదే. రెండూ చేసుకోవాలి, ముందు వేవ్, తరవాత ఎంపీ3.

ఇంకో మాట. చాలా ఫోన్లు రికార్డు చేసేటప్పుడే కుదించి ఎం4ఏ ఫైల్ చేస్తాయి. రికార్డర్ యాప్‌లో వేవ్ అనే ఎంపిక ఉందేమో ఇంటి నుంచి బయల్దేరే ముందే చూసుకోండి. లేకపోతే ఆ ఎం4ఏ ఫైలే మీ మూలప్రతి, దాన్ని చెరపకండి.

శాంపిల్ రేటు: ౘలి, చీర

ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తున్నాం అన్నదే శాంపిల్ రేటు. కొలిచిన దాంట్లో సగం దాకా ఉన్న ధ్వనులే ఫైల్‌లో నిలుస్తాయి. 44,100 అయితే 22,050 హెర్ట్జ్ దాకా. 8,000 అయితే 4,000 దాకే.

మన భాషవాళ్లకు ఇది ఎందుకు? ౘలి, ౘుక్క, ౘల్ల అన్నప్పుడు నాలుక పళ్ల దగ్గర తగులుతుంది. చీర, చెట్టు అన్నప్పుడు పైన అంగిటి దగ్గర. ౙొన్న, జిల్లేడు కూడా అలాగే. అ, ఉ, ఒ ముందు దంత్యం, ఇ, ఎ ముందు తాలవ్యం అని చదువుకున్నాం. ఈ ౘ, ౙ అక్షరాలకు యూనికోడ్‌లో చోటు దొరికింది 2008లోనే. ఇప్పటికీ మనం రాసేటప్పుడు మామూలు చ, జలే రాస్తాం. అంటే ఈ తేడాకు సాక్ష్యం కాగితం మీద దొరకదు, గొంతులోనే దొరుకుతుంది. పైగా ౘలో స లాంటి ఊపిరి ఉంటుంది. ఆ ఊపిరి బలమంతా దాదాపు 4,000 హెర్ట్జ్‌కు పైనే. శాంపిల్ రేటు 8,000కు దించితే ముందు పోయేది అదే.

మా ఇంట్లో తెలుగు, మరాఠీ రెండూ నడుస్తాయి. మరాఠీలోనూ ఈ తేడా ఉంది. చాంగలా అన్న మాటలో దంత్యం, చార్ అన్న మాటలో తాలవ్యం. ఇన్నేళ్లు మరాఠీ మధ్య బతికిన తెలుగు ఆడవాళ్ల నోట్లో మన నియమం చెక్కుచెదరలేదా, మారిందా? సంస్కృతం నుంచి వచ్చిన చంద్రుడిలో అ ముందే అయినా తాలవ్యం ఉండాలి, మరి పాటలో వాళ్లు ఎట్లా పలుకుతారు? ఇవి మంచి ప్రాజెక్టు ప్రశ్నలు. జవాబు మన ఫైల్‌లో ఉండాలంటే 44,100 లేదా 48,000 వాడాలి. ఫోన్ దేంట్లో రికార్డు చేసిందో అదే ఉంచడం అన్నిటికన్నా మేలు.

తగ్గించాక పెంచితే?

పక్క చాళ్లో ఒక పెద్దమ్మ ఉండేది, తిరగలి పాటలకు పేరు. ఆమె పోయింది. పాటలు ఇంట్లోవాళ్ల మెమరీ కార్డులో ఉన్నాయని తెచ్చి ఇచ్చారు. కార్డు నిండిపోతోందని ఎప్పుడో ఎవరిచేతో ఫైళ్లు చిన్నవి చేయించారట, అసలువి చెరిపేశారు. ఆడాసిటీలో తెరిస్తే శాంపిల్ రేటు 8,000. దాన్ని 48,000 వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి చూశాను. ఫైల్ పెద్దదైంది. స్పెక్ట్రోగ్రామ్ వ్యూలో చూస్తే మాత్రం 4,000 పైన అంతా ఖాళీ. ఆమె ౙొన్నలు అన్నదో జొన్నలు అన్నదో ఎన్నిసార్లు విన్నా తేల్చలేకపోయాను. పాట వరస ఉంది, మాటలు దాదాపు తెలుస్తాయి, ఆమె పలుకు మాత్రం సగమే మిగిలింది. ఆ ఇంటివాళ్లు "బాగు చేస్తావా బిడ్డా" అని అడిగారు. బాగు చెయ్యగలిగే సెట్టింగ్ ఎక్కడా లేదు.

బిట్లు, చానెళ్లు

ఎన్‌కోడింగ్ గడిలో 16 బిట్, 24 బిట్ అని ఉంటాయి. ఒక్కో కొలతను ఎంత సూక్ష్మంగా రాస్తున్నామో అది చెబుతుంది. వినడానికి 16 సరిపోతుంది. ఆడాసిటీ లోపల మామూలుగా 32 బిట్లతో లెక్కలు చేస్తుంది కాబట్టి, గొంతు హెచ్చించడం వంటి మార్పులు చేసి ఉంటే దాచే ప్రతికి 24 పెట్టండి. పాత టేపులను డిజిటల్ చేసేవాళ్లకు అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం ఐఏఎస్ఏ చెప్పే కనీస ప్రమాణం కూడా 48,000 హెర్ట్జ్, 24 బిట్.

చానెల్స్‌లో మోనో, స్టీరియో ఉంటాయి. ఫోన్ ఒకే మైక్‌తో తీసుకుంటే మోనో చాలు, సైజు సగమవుతుంది. ఇద్దరు చెరోపక్క కూర్చుని పాడినప్పుడు స్టీరియోలో రికార్డయి ఉంటే దాన్ని అలాగే ఉంచండి. ఎవరు ఎత్తుకున్నారో, ఎవరు అందుకున్నారో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఎంపీ3 బిట్ రేటు

ఎంపీ3 పద్ధతిని రూపొందించినవాళ్లలో ముఖ్యుడు జర్మనీకి చెందిన కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్. ఆయన తన పద్ధతిని సుజాన్ వేగా పాడిన టామ్స్ డైనర్‌తో పదేపదే పరీక్షించుకున్నాడు. అందులో వాద్యాలు లేవు, ఒక్క ఆడగొంతే. తోడులేని గొంతులో లోపం దాచుకోవడానికి చోటుండదు. మన తిరగలి పాటలూ, బతుకమ్మ పాటలూ అలాంటివే. కాబట్టి పంచే ప్రతికి మోనోలో 128 కాన్‌స్టాంట్ పెట్టండి, 32కో 24కో దించకండి. పైగా ధారావి గదిలో ఫ్యాన్, కుట్టుమిషన్, కింద బండ్ల రొద ఉంటాయి. బిట్లు తక్కువైతే ఆ రొదకే సగం ఖర్చయిపోయి గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు ఉంటుంది.

రొద తీసేద్దామని నాయిజ్ రిడక్షన్ గట్టిగా వాడినా ప్రమాదమే. ఫ్యాన్ గాలికీ, ౘ ఊపిరికీ పోలిక ఉంది, రెండూ కలిసి పోవచ్చు. అది నకలు మీద చేసుకోండి, మూలం మీద వద్దు.

పేరూ, అనుమతీ

ఎక్స్‌పోర్ట్ విండోలోనే ఎడిట్ మెటాడేటా ఉంటుంది. పాడినవారు, ఊరు, తేదీ అక్కడ రాయొచ్చు. కానీ ఆ వివరాలు ఫైల్‌తోపాటే ఊరంతా తిరుగుతాయి, అందుకని పేరు రాయొచ్చా అని పాడినవాళ్లనే అడగండి. వేవ్‌లో రాసినవి అన్ని ప్లేయర్లలో కనిపించవు, పక్కన ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ కూడా పెట్టండి.

అమ్మమ్మ ఒక షరతు పెట్టింది. "అన్నీ ఇయ్యి గనీ, మీ తాత పోయిననాడు పాడింది ఎవ్వలకు ఇయ్యకు." అందుకు కూడా ఆడాసిటీలో వీలుంది. కావలసిన భాగాన్ని సెలెక్ట్ చేసి, ఎక్స్‌పోర్ట్ విండోలో కరెంట్ సెలెక్షన్ అని ఎంచుకుంటే అంతవరకే బయటికి వస్తుంది. మొత్తం పాటలున్న వేవ్ మా ఇంట్లో రెండు డ్రైవుల్లో ఉంది. డిపార్ట్‌మెంట్‌కు నేను ఇచ్చిన దాంట్లో ఆ పాట లేదు.

ఇప్పుడు ఒక మనవి. మన ల్యాబ్ కంప్యూటర్‌లో మూలాలు అని ఒక ఫోల్డరు, ప్రతులు అని ఇంకొకటి పెడదాం. మూలాల్లోకి వేవ్ లేదా ఫోన్ ఇచ్చిన అసలు ఫైల్ మాత్రమే వెళ్లాలి, ప్రతుల్లోకి ఎంపీ3. మార్కులకు ఎంపీ3 చాలు. మన తరవాత వచ్చే జూనియర్ ఎవరైనా ఇంకో ప్రశ్నతో ఆ గొంతులు వినాలనుకుంటే, ఆమెకు కావలసింది వేవ్.