జాబ్ కార్డుపై సంతకానికి ముందు: కారు యజమానులకు ఒక పాఠం

తిరువళ్లూరు నుండి తిరుత్తణి, నగరి, పుత్తూరుల మీదుగా తిరుపతి వైపు సాగే 716వ జాతీయ రహదారిపై తెలుగు కుటుంబాల కార్లు నిత్యం తిరుగుతూ ఉంటాయి. ఉద్యోగరీత్యా ఇక్కడ స్థిరపడినవారికి వాహనం నడపడం కష్టం కాదు. అది చెడిపోయినప్పుడు సర్వీస్ సెంటరులో మాట్లాడడమే కష్టం. తమిళం అంతంత మాత్రంగా వచ్చినవారు, చిన్న అక్షరాలతో అచ్చయిన కాగితం ముందుంచగానే చదవకుండా సంతకం చేసి వస్తారు. సాయంత్రం బిల్లులో తాము చెప్పని పనులు కనబడతాయి. ఈ ఇబ్బంది తొలగడానికి యజమాని మెకానిక్ కానవసరం లేదు. ఏ దశలో ఏ కాగితం అడగాలో తెలిస్తే చాలు.

ఇంటి వద్ద పరిశీలన

ఇంజిన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మట్టాలను నెలకు రెండుసార్లు చూడాలి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తెరవకూడదు. ఒత్తిడిలో ఉన్న కూలెంట్ ఒక్కసారిగా చిమ్మి ఒళ్లు కాలుతుంది. టైర్లలో గాలిని బండి కదలకముందు, చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఉండవలసిన ఒత్తిడి సాధారణంగా డ్రైవరు తలుపు అంచున అతికించిన చీటీపై ఉంటుంది. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ టైరును వాడరాదు.

ఎండ, కొండ, వాన

ఇక్కడి వేసవి వేడికి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. ఉదయం స్టార్టర్ బరువుగా తిరుగుతున్నదంటే పరీక్ష చేయించవలసిన సమయం వచ్చినట్లే. తిరుత్తణి మురుగన్ కొండ దిగేటప్పుడు బ్రేకును అదేపనిగా తొక్కి ఉంచితే అది వేడెక్కి పట్టు కోల్పోతుంది. ఎక్కడానికి వాడిన తక్కువ గేరులోనే దిగడం సురక్షితం. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకొంటుంది కాబట్టి, మాన్యువల్‌లో చెప్పిన గడువుకు దాన్ని మార్పించాలి.

అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలం. 2015 డిసెంబరు వరదలలోను, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులోను చెన్నై, తిరువళ్లూరు ప్రాంతాలలో ఎన్నో వాహనాలు నీట మునిగాయి. నీటిలో ఇంజిన్ ఆగిపోతే తిరిగి స్టార్టు చేయరాదు. సిలిండరులో చేరిన నీరు గాలివలె అణగదు. పిస్టన్ దానికి ఢీకొని కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇటువంటి నష్టాన్ని సాధారణ బీమా కింద తిరస్కరించే అవకాశం ఉన్నందున, పాలసీలో ఇంజిన్ రక్షణ అదనపు కవరు ఉన్నదా అని వానలకు ముందే చూసుకోవాలి. మునిగిన బండిని నెట్టించి లేదా లాగించి తేవాలి. కదిలించకముందే ఫోటోలు తీసి బీమా సంస్థకు తెలియజేయాలి.

జాబ్ కార్డు

బండిని అప్పగించేటప్పుడు సర్వీస్ అడ్వైజర్ రాసే పత్రమే జాబ్ కార్డు. అందులో రాసిన పనులకు యజమాని సమ్మతించినట్లు ఆ సంతకమే సాక్ష్యం. కనుక సంతకానికి ముందు ఐదు అంశాలు సరిచూడాలి.

1. ఫిర్యాదు యజమాని చెప్పినట్లే ఉండాలి. "బ్రేక్ చెక్" అంటే చాలదు. "ఉదయం మొదటి రెండు కిలోమీటర్లు ముందు ఎడమ చక్రం వద్ద కీచు శబ్దం" అని రాయించాలి. అదే లోపం మళ్లీ వస్తే, ముందే చెప్పామనడానికి ఈ వాక్యమే ఆధారం.
2. తిరిగిన కిలోమీటర్లు, ఇంధన మట్టం, ముందే ఉన్న గీతలు, సొట్టలు నమోదు కావాలి.
3. అంచనా ఖర్చులో విడిభాగాల ధర, కూలి వేరువేరుగా ఉండాలి.
4. అంచనాకు మించిన ఏ పనికైనా ఫోను సందేశం ద్వారా ముందుగా అనుమతి తీసుకోవాలని రాయించాలి.
5. డబ్బు చెల్లించి మార్పించిన పాత భాగాలను తిరిగి ఇవ్వాలని రాయించాలి. వారంటీలో ఉచితంగా మార్చినవి సాధారణంగా కంపెనీకి చెందుతాయి.

ఇంజిన్ ఫ్లష్, ఏసీ శుద్ధి వంటి అదనపు పనులు సూచించినప్పుడు ఒకే ప్రశ్న వేయాలి: "ఇన్ని కిలోమీటర్లకు ఈ పని చేయాలని మాన్యువల్‌లో ఉన్నదా?" లేకపోతే నిరాకరించవచ్చు. తమిళంలో మూడు వాక్యాలు నేర్చుకుంటే చాలావరకు పని జరుగుతుంది. "ఎస్టిమేట్ ఎళుది కుడుంగ" అంటే అంచనా రాసి ఇవ్వండి. "కేక్కామ ఎదువుం మాత్తాదీంగ" అంటే అడగకుండా ఏదీ మార్చవద్దు. "పళయ పార్ట్స్ కుడుంగ" అంటే పాత భాగాలు ఇవ్వండి.

బయటి షెడ్డులో పని చేయించినా జీఎస్టీ సంఖ్య గల బిల్లు అడగాలి. వారంటీ కాలంలో అయితే, వారంటీ పుస్తకంలోని షరతులు చదివిన తరువాతే బయటకు వెళ్లాలి.

కొత్త కారు కొనేటప్పుడు

షోరూములో ధరను ఒకే మొత్తంగా కాక, కారు ధర, రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్, బీమా, యాక్సెసరీలుగా విడదీసి రాసి ఇవ్వమనాలి. ఫలానా సంస్థ బీమానే కొనాలని డీలరు బలవంతం చేయరాదు. డెలివరీకి ముందు చాసిస్ నంబరును కాగితాలతో సరిపోల్చాలి. టైరుపై ఉన్న చివరి నాలుగు అంకెలు తయారీ వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 2324 అంటే 2024లో 23వ వారం.

ఆంధ్ర నంబరు బండి

వేరే రాష్ట్రంలో నమోదైన వాహనాన్ని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే, మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం కొత్త నంబరుకు దరఖాస్తు చేయాలి. పాత ఆర్టీఓ నుండి నిరభ్యంతర పత్రానికి ఫారం 28, కొత్త నంబరుకు ఫారం 27 అవసరం. ఆ వివరాలను బీమా పాలసీలోను మార్పించుకోవాలి.

వివాదం వచ్చినప్పుడు

మొదట సర్వీస్ మేనేజరుకు, తరువాత కంపెనీ వినియోగదారుల విభాగానికి ఈ-మెయిల్ పంపాలి. ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. అక్కడ తెలుగులోను మాట్లాడవచ్చు. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది.

ఊరు మారినవారు ఒక సంగతి తప్పక తెలుసుకోవాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే చోటి కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. నెల్లూరులో కొన్న కారుకైనా తిరుత్తణి నివాసి తిరువళ్లూరు జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. నెల్లూరు చుట్టూ తిరగనవసరం లేదు. గడువు, వివాదకారణం తలెత్తిన నాటి నుండి రెండేళ్లు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. అక్కడ కమిషన్ ముందు ఉంచవలసినవి జాబ్ కార్డు, బిల్లు, సందేశాలే.

స్వీయ పరిశీలనకు ప్రశ్నలు

1. మీ కారు చివరి జాబ్ కార్డు ఇప్పుడు ఎక్కడ ఉన్నది? అందులో మీ ఫిర్యాదు మీరు చెప్పినట్లే ఉన్నదా?
2. మీ బీమాలో ఇంజిన్ రక్షణ కవరు ఉన్నదా?
3. బండి ఈ రాష్ట్రానికి వచ్చి ఎన్ని నెలలైంది?
4. మీ మాన్యువల్ ప్రకారం తదుపరి సర్వీసులో తప్పనిసరి పనులు ఏవి?