కలరా విషం ఎలా ఉంటుంది?

గోపన్‌పల్లిలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ గేటు మనం చూస్తూనే ఉంటాం. ప్రోటీన్ల ఆకారాన్ని చదివే పని అక్కడ జరుగుతుంది. ఆకారం తెలిస్తే ఏం లాభమని మా ఇళ్లల్లో అడుగుతారు. కలరానే తీసుకుందాం.

కలరా క్రిమి పేగులో విషం వదులుతుంది. 1959లో కలకత్తాలో శంభునాథ్ డే, క్రిములను వడగట్టేసిన ద్రవాన్ని కుందేలు పేగులోకి ఎక్కించి ఈ సంగతి నిరూపించారు. ఆ విషం మామూలు సూక్ష్మదర్శినికి ఆనదు. దాన్ని శుద్ధి చేసి, పటికబెల్లంలా స్ఫటికం కట్టించి, ఎక్స్-కిరణాలు పంపాలి. చెదిరిపడిన చుక్కలను లెక్కగడితే ఏ పరమాణువు ఎక్కడుందో తెలుస్తుంది. (స్ఫటికం కట్టించడమే అసలు తిప్పలు!) కలరా విషం నిర్మాణం 1995లో వెలువడింది.

ఐదు 'బి' ముక్కల ఉంగరం, దానిమీద ఒక 'ఎ' ముక్క. 'ఎ' తోక ఉంగరం రంధ్రంలోకి దూరి ఉంటుంది. 'బి'లు పేగు కణం మీది జీఎం1 అనే కొవ్వు పదార్థాన్ని పట్టుకుంటాయి. 'ఎ'లో ఒక భాగం లోపలికి చేరి, కణంలోని ఒక స్విచ్‌ను ఆరిపోనివ్వదు. సైక్లిక్ ఏఎంపీ పెరిగి, ఉప్పు, నీళ్లు పేగులోకి కారిపోతాయి. గంటల్లోనే మనిషి వాడిపోతాడు.

అయితే చక్కెరను, ఉప్పును జంటగా కణంలోకి లాగే ద్వారం ఒకటుంది. దాని జోలికి ఈ విషం పోదు. ఓఆర్ఎస్ పనిచేసేది అందుకే. ప్యాకెట్ దొరక్కపోతే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు అంచుకు సమంగా కొలిచి కలపండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. తాగిస్తూనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.